కత్తెర ఎవరి చేతిలో ఉంది? పాల్ రోబ్సన్ నటజీవితం

పాల్ రోబ్సన్ పేరు వినగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆయన గొంతు. మిసిసిపీ నది మీద ఆయన పాడిన పాటను ఒక్కసారి విన్నవాళ్ళు మరిచిపోరు. ఇంకొంచెం తెలిసినవాళ్ళు అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాగేసుకున్న సంగతి చెబుతారు. 1920ల నుంచి 1959 దాకా వేషం కట్టిన నటుడన్న విషయం మాత్రం ఈ రెంటి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ నటజీవితం గురించి రాసేవాళ్ళు కూడా ఎక్కువగా ఒకే కథ చెబుతారు: గొప్పగా ఎదిగాడు, రాజకీయాల్లోకి దిగాడు, ప్రభుత్వం పగబట్టింది, నటుడిగా ఆయన పని అయిపోయింది. ఇందులో నిజం లేకపోలేదు. కానీ తేదీలు కుదరవు. హాలీవుడ్ సినిమాల్లో ఇక నటించనని రోబ్సన్ పత్రికలవాళ్ళకు చెప్పింది 1942లో. పాస్‌పోర్టు రద్దయింది 1950లో. నడుమనున్న ఎనిమిదేళ్ళలోనే ఆయన బ్రాడ్వేలో ఒథెల్లోగా చరిత్రకెక్కాడు. అంటే పేరూ గిరాకీ రెండూ ఉన్న రోజుల్లోనే ఆయన తెరను వదులుకున్నాడు. నటుడు చేసిన నటన చివరికి ఎవరి చేతిలో ఉంటుంది అన్న ప్రశ్నే ఆయన్ని ఆ నిర్ణయానికి తెచ్చిందని నా వాదన. రాజకీయాల మాట పక్కన పెట్టి చూసినా అది వృత్తిలో నలిగిన మనిషి తీసుకున్న నిర్ణయం.

ఈ ప్రశ్న రోబ్సన్‌తో పుట్టింది కాదు. 1833లో లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్లో ఎడ్మండ్ కీన్ అనే మహానటుడు ఒథెల్లో వేషంలోనే కుప్పకూలితే, ఆ వేషాన్ని అందుకున్నది ఐరా ఆల్‌డ్రిడ్జ్ అనే నల్లజాతి అమెరికన్. లండన్ పత్రికలు కొన్ని ఆయన రంగు మీద విషం కక్కాయి. రెండు ప్రదర్శనలతో సరి. తర్వాత ఆయన యూరప్ అంతా తిరిగి పేరు తెచ్చుకున్నాడు గానీ, పుట్టిన దేశంలో మాత్రం ఆ వేషం వెయ్యలేకపోయాడు. ఇరవయ్యో శతాబ్దంలోకి వస్తే చార్ల్స్ గిల్పిన్ ఉన్నాడు. యూజీన్ ఓనీల్ రాసిన ‘ఎంపరర్ జోన్స్’ నాటకం 1920 నవంబరులో న్యూయార్కులోని గ్రీనిచ్ విలేజ్‌లో ఒక చిన్న నాటకశాలలో మొదలైంది. నాటకమంతా దాదాపు ఒక్క పాత్ర భుజాల మీదే నడుస్తుంది. ఆ భారం మోసింది గిల్పిన్. నాటకంలో నల్లవాళ్ళను కించపరిచే ఒక తిట్టుమాట మళ్ళీమళ్ళీ వస్తుంది. రాత్రి తర్వాత రాత్రి దాన్ని పలకలేక గిల్పిన్ దాని చోట వేరే మాటలు వాడటం మొదలుపెట్టాడు. ఓనీల్ మండిపడ్డాడు. 1924లో న్యూయార్కులో ఆ నాటకాన్ని మళ్ళీ ఎత్తుకున్నప్పుడూ, మరుసటి ఏడు లండన్‌కు తీసుకెళ్ళినప్పుడూ జోన్స్ వేషం పాతికేళ్ళు దాటిన కొత్త కుర్రాడికి దక్కింది. ఆ కుర్రాడే రోబ్సన్. ఒక నల్ల నటుడు మాట మార్చినందుకు పోగొట్టుకున్న చోటులోంచే ఈయన ప్రవేశించాడు. ఈయన జీవితం చదివేటప్పుడు ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి.

రోబ్సన్ నటుడవుదామని బయల్దేరిన మనిషి కాదు. 1898లో న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టాడు. తండ్రి బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి చర్చి పాస్టరయిన మనిషి. కొడుకు రట్గర్స్ కాలేజీలో స్కాలర్‌షిప్పు మీద చదివాడు, ఫుట్‌బాల్‌లో 1917, 1918 సంవత్సరాల జాతీయ జట్లకు ఎంపికయ్యాడు, కొలంబియాలో లా పూర్తిచేశాడు. లాయరుగా కుదురుకోవడానికి రంగు అడ్డమొచ్చింది. నాటకాలు అప్పటికే సరదాగా వేస్తున్నాడు. 1924లో ఓనీల్ మరో నాటకం, ‘ఆల్ గాడ్స్ చిల్లన్ గాట్ వింగ్స్’, ఆయన్ని ఒక్కసారిగా పత్రికల మొదటి పేజీల్లోకి తెచ్చింది. ఒక నల్ల యువకుడు, ఒక తెల్ల యువతి పెళ్ళాడే కథ అది. భార్య వేషంలో ఉన్న తెల్ల నటి మేరీ బ్లేర్ ఒక సన్నివేశంలో ఆయన చేతిని ముద్దాడాలి. ఆ కబురు బయటికి పొక్కగానే బెదిరింపు ఉత్తరాలు వచ్చిపడ్డాయి. మొదటి రంగంలో నల్లపిల్లలూ తెల్లపిల్లలూ కలిసి ఆడుకోవాలి. బాలనటులకు కావలసిన అనుమతిని నగర మేయర్ కార్యాలయం ఇవ్వలేదు. నాటకం ఆగుతుందనుకున్నారు. దర్శకుడు జేమ్స్ లైట్ తెర ముందుకొచ్చి, ఆ రంగాన్ని పుస్తకం చూసి ప్రేక్షకులకు చదివి వినిపించాడు. రెండో రంగం నుంచి నాటకం యథాప్రకారం నడిచింది. అధికారం అడ్డుపడినా ఆ రాత్రికి ఆ గదిలో ఉన్న మనుషులు ఏదో ఒక దారి చూసుకోగలగడం, రంగస్థలానికి ఉన్న ఈ వెసులుబాటు, రోబ్సన్ మొదట్లోనే కళ్ళారా చూశాడు.

సినిమాలో ఆ వెసులుబాటు ఉండదు. ఆయన మొదటి చిత్రం 1925లో ఆస్కార్ మిషో తీసిన మూకీ ‘బాడీ అండ్ సోల్’. మిషో నల్లజాతి దర్శకుడు, నిర్మాత కూడా ఆయనే. రోబ్సన్ అందులో రెండు వేషాలు వేశాడు: ఒకడు దొంగ బోధకుడు, రెండోవాడు మంచివాడైన అతని పోలికల మనిషి. న్యూయార్కు సెన్సారు కత్తెర దాని మీదా పడింది. 1933లో ‘ఎంపరర్ జోన్స్’ను సినిమాగా తీసినప్పుడు రోబ్సన్ పేరు తెల్ల నటుల పేర్ల పైన వేశారు. అప్పటికది చిన్న విషయం కాదు. వర్ణవివక్ష రాజ్యమేలే దక్షిణ రాష్ట్రాల్లో షూటింగు పెట్టకూడదని ఆయన కాంట్రాక్టులో రాయించుకున్నాడు. అందుకే కరీబియన్ దీవి సముద్రతీరం అని మనం తెరమీద చూసేది నిజానికి న్యూయార్కు పక్కనున్న జోన్స్ బీచ్. కానీ షూటింగు అయ్యాక ఏమైందో చూడండి. ఫ్రెడీ వాషింగ్టన్ అనే నటి నల్లజాతి మనిషే అయినా మేనిఛాయ తెలుపు. ఆమెతో రోబ్సన్ సన్నిహితంగా ఉన్న దృశ్యాలు చూసిన సినీ పరిశ్రమ సెన్సారువాళ్ళు, జనం ఆమెను తెల్లామె అనుకుంటారేమోనని హడలిపోయారు. ఆమె మొహానికి నల్లరంగు పూయించి ఆ దృశ్యాల్ని మళ్ళీ తీయించారు. జైలు కాపలాదారును జోన్స్ చంపే దృశ్యం కోతకు గురైంది. రోబ్సన్ నటన పూర్తయిపోయిన తర్వాత, ఆయన లేని గదిలో, ఈ నిర్ణయాలన్నీ తీసుకున్నారు.

అసలు దెబ్బ 1935లో తగిలింది. అలెగ్జాండర్ కోర్డా నిర్మించి, తమ్ముడు జోల్టాన్ కోర్డా దర్శకత్వం వహించిన బ్రిటిష్ చిత్రం ‘శాండర్స్ ఆఫ్ ది రివర్’. అప్పటికి రోబ్సన్ లండన్‌లో ఉంటూ ఆఫ్రికా భాషలు శ్రద్ధగా చదువుకుంటున్నాడు. తన పూర్వీకుల ఖండానికి గొప్ప సంస్కృతి ఉందని ప్రపంచానికి చూపించాలన్నది ఆ రోజుల్లో ఆయన తపన. జోల్టాన్ కోర్డా నెలల తరబడి ఆఫ్రికాలో తిరిగి నిజమైన నాట్యాలు, పడవలు, ఊళ్ళు చిత్రీకరించి తెచ్చాడు. ఆ రీళ్ళు చూసి రోబ్సన్ మురిసిపోయాడు. తన పాత్ర బొసాంబో అనే తెగ నాయకుడు. ఆయన దృశ్యాలన్నీ ఇంగ్లండులోనే, షెపర్టన్‌లో నది ఒడ్డున కట్టిన ఆఫ్రికా పల్లె సెట్టులో తీశారు. లండన్‌లో ఉంటున్న ఆఫ్రికన్లను చిన్న వేషాలకు పెట్టుకున్నారు. తర్వాతి కాలంలో కెన్యా అధ్యక్షుడైన జోమో కెన్యాట్టా వాళ్ళలో ఒకడు. ఇంతమంది కూడి చేసిన సినిమా ఎడిటింగు బల్ల మీంచి లేచేసరికి, ఆఫ్రికాలో శాంతిభద్రతలు కాపాడుతున్న గుప్పెడు మంది తెల్ల అధికారులకు జేజేలు పలికే చిత్రంగా తయారైంది. సంస్కృతి చూపించడానికి తెచ్చిన నాట్యాలు, తెల్లదొర ఊళ్ళో లేకపోతే చెలరేగిపోయే జనం అన్న కథకు వెనకతెరగా మారాయి. బొసాంబో ఆ దొర దయతో నాయకుడై, ఆ దొరకే విశ్వాసంగా ఉండే మనిషిగా మిగిలాడు. మార్కస్ గార్వీ వంటి నల్లజాతి నాయకులు రోబ్సన్‌ను బాహాటంగా తప్పుపట్టారు. ఆయన కూడా తర్వాత ఆ సినిమాను తనది కాదనేశాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. ఎడ్గార్ వాలస్ రాసిన శాండర్స్ కథలు ఆ సినిమా కంటే చాలా ముందే ఇంగ్లండులో ఇంటింటా చదివిన కథలు. వాటిలో సామ్రాజ్య భజన ఎక్కడా దాచిపెట్టి లేదు. లా చదివిన మనిషి, ఇంగ్లీషు సాహిత్యం తెలిసిన మనిషి మోసపోయానంటే ఎలా నమ్మాలి? నేను పూర్తిగా నమ్మను. సినిమా ఎటు పోతుందో కొంతైనా ఆయనకు తెలిసే ఉండాలి. కానీ తన గొంతు, తన నిలువెత్తు రూపం, ఆ ఆఫ్రికా దృశ్యాలు కలిస్తే కథలోని విషాన్ని మించిపోతాయని ఆయన ఆశపడ్డాడు. రంగస్థలం మీద ఆ ఆశకు అర్థం ఉంది. రచయిత నీచంగా రాసిన పాత్రకు కూడా నటుడు నిలబడే తీరుతో, ఒక మౌనంతో గౌరవం తేగలడు, ప్రేక్షకుడు ఆ రాత్రి ఆ గౌరవాన్నే ఇంటికి తీసుకెళ్తాడు. తెర మీద ఆ మౌనం ఎంతసేపు ఉండాలో, దాని తర్వాత ఎవరి మొహం చూపించాలో నిర్ణయించేది మరొకరు. రోబ్సన్ తప్పంతా ఈ తేడాను తక్కువగా అంచనా వెయ్యడంలో ఉంది.

ఆయన పాఠం నేర్చుకున్నాడనడానికి రుజువు మరుసటి ఏడాదే దొరుకుతుంది. 1936లో వచ్చిన ‘సాంగ్ ఆఫ్ ఫ్రీడమ్’కు సంతకం పెట్టేటప్పుడు, చివరి కూర్పు తను ఒప్పుకున్నాకే విడుదల కావాలన్న షరతు రాయించుకున్నాడు. ఆ కాలపు నటుల్లో, అందులోనూ నల్ల నటుల్లో, అలాంటి హక్కు అడిగి సాధించుకోవడం అరుదైన విషయం. లండన్ రేవులో మూటలు మోసే కూలీ గొప్ప గాయకుడై తన ఆఫ్రికా మూలాలు వెతుక్కుంటూ వెళ్ళే కథ అది. గొప్ప సినిమా అనను. కానీ అందులో నల్ల కథానాయకుడు భార్యతో మామూలు సంసారం చేస్తూ, పక్కింటి తెల్లవాళ్ళతో సమానంగా మాట్లాడుతూ కనిపిస్తాడు. ఆ రోజుల్లో తెర మీద అంత మాత్రం చూడాలన్నా షరతు రాయించుకోవలసి వచ్చింది. 1940లో ఈలింగ్ స్టూడియో తీసిన ‘ప్రౌడ్ వ్యాలీ’ ఇంకో మెట్టు పైన ఉంటుంది. పని వెతుక్కుంటూ వేల్స్ బొగ్గుగనుల ఊరికి చేరిన నల్ల కార్మికుడి పాత్ర. వీధిలోంచి పాడిన అతని గొంతు మేడమీద రిహార్సల్ చేస్తున్న కార్మికుల బృందగానంతో కలిసిపోయే ఘట్టం ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిచేలా ఉంటుంది. రోబ్సన్ తన సినిమాల్లో దీన్నే గర్వంగా చెప్పుకున్నాడు. అయితే యుద్ధం రావడంతో చివరి భాగాన్ని మార్చారు. కార్మికులే గనిని చేతుల్లోకి తీసుకునే ముగింపు పోయింది. తెల్ల మిత్రుల్ని కాపాడటానికి నల్ల కథానాయకుడు ప్రాణమిచ్చే ఘట్టం మిగిలింది. ఆయన మెచ్చిన చిత్రానికే ఆ గతి పట్టింది.

రెండు మాధ్యమాల తేడా ఒకే పాటలో చూడాలంటే ‘షో బోట్’ సంగీతనాటకంలోని ఆ మిసిసిపీ పాట చాలు. జో అనే రేవు కూలీ పాత్రను రోబ్సన్‌ను మనసులో పెట్టుకునే రాశారు. 1928లో లండన్ డ్రూరీ లేన్‌లో, 1932లో బ్రాడ్వేలో ఆయన ఆ వేషం వేశాడు. 1936లో జేమ్స్ వేల్ తీసిన చిత్రంలోనూ ఆయనే. ఆ పాటలో మొదట ఉన్నది బరువులు మోసి అలసిపోయిన మనిషి నిట్టూర్పు. 1930ల చివరి నుంచి కచేరీల్లో రోబ్సన్ ఆ మాటలు మార్చి పాడాడు, అలసటా భయమూ ఉన్న చోట పోరాటం పెట్టాడు. మన పద్యనాటకాల్లో వన్స్‌మోర్ కొట్టించుకున్న నటుడు అదే పద్యాన్ని రెండోసారి ఇంకో విరుపుతో అందుకున్నట్టు, ఆయన అదే బాణీలో మరో మనిషిని నిలబెట్టాడు. రచయిత ఆస్కార్ హామర్‌స్టీన్‌కు అది నచ్చలేదు. గిల్పిన్ చేసిన పనే ఇది, కానీ కచేరీ వేదిక మీద రోబ్సన్‌ను తప్పించి ఇంకొకర్ని పెట్టే వీల్లేదు. సినిమాలో మాత్రం 1936 నాటి జో అవే పాత మాటలు పాడుతూ ఉండిపోయాడు, ఈ రోజుకీ అవే పాడుతున్నాడు.

ఇక 1942. ‘టేల్స్ ఆఫ్ మన్‌హాటన్’ హాలీవుడ్ పెద్ద తారలతో తీసిన కథల మాలిక. ఒక కోటు చేతులు మారుతూ పోతుంది. చివరి కథలో డబ్బు కుక్కిన ఆ కోటు విమానంలోంచి నల్లజాతి కౌలు రైతుల పొలంలో పడుతుంది. భూమి కొని అందరూ కలిసి పండించుకుందామనే మాటలు తన పాత్ర లూక్‌కు ఉన్నాయి కాబట్టి కథకు అర్థం వస్తుందని రోబ్సన్ అనుకున్నాడు. పూర్తయిన చిత్రంలో ఆ రైతులు ఆకాశం నుంచి వరం పడిందని గెంతులేసే అమాయకులుగా కనిపించారు. సినిమాకు వ్యతిరేకంగా ఎవరైనా నిలబడితే తానూ వచ్చి వాళ్ళ పక్కన నిలబడతానన్నాడు. హాలీవుడ్‌కు సెలవన్నాడు. ఆ తర్వాత మరే కథాచిత్రంలోనూ నటించలేదు.

ఆయనకు ఆ సాహసం చెల్లింది కాబట్టి చేశాడు, మిగతావాళ్ళ సంగతేమిటి అని అడగవచ్చు. ‘షో బోట్’లో ఆయన పక్కన వేసిన హాటీ మెక్‌డానియల్ జీవితమంతా పనిమనిషి వేషాలు వేసింది, అలాంటి వేషానికే 1940లో ఆస్కార్ అందుకున్న మొదటి నల్ల నటి అయింది. ఆమెకు కచేరీలు లేవు, లండన్ లేదు. తెర వదిలితే కూడు లేదు. ఇది న్యాయమైన మాటే. రోబ్సన్ నిర్ణయాన్ని కొలమానంగా పెట్టి మెక్‌డానియల్‌ను తక్కువ చెయ్యడం అన్యాయం. కానీ ఈ మాట నా వాదనను బలపరుస్తుంది. తన నటన మీద తనకు హక్కు కావాలంటే, దేశదేశాల్లో హాళ్ళు నింపగల గొంతు విడిగా ఉండాల్సి వచ్చిందంటే ఆ పరిశ్రమ ఏపాటిదో తెలుస్తుంది.

తెర మూసిన ఏడాదికే, 1943 అక్టోబరు 19న, బ్రాడ్వేలోని షూబర్ట్ థియేటర్లో మార్గరెట్ వెబ్‌స్టర్ దర్శకత్వంలో ‘ఒథెల్లో’ మొదలైంది. రోబ్సన్‌కు అది రెండో ఒథెల్లో. మొదటిది 1930లో లండన్ సవాయ్ థియేటర్లో, పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ డెస్డిమోనాగా ఉండగా వేశాడు. మొదట్లో తెల్ల నటి దగ్గరికి రావడానికే జంకి వెనక్కి వెనక్కి జరిగేవాణ్ణని ఆయనే తర్వాత చెప్పాడు. ప్రదర్శనలు సాగే కొద్దీ ఆ జంకు పోయింది. తొలిరాత్రి తప్పును తర్వాతి రాత్రుల్లో దిద్దుకునే ఈ అవకాశమే ఆయనకు కావలసింది. బ్రాడ్వేలో ఊటా హాగెన్ డెస్డిమోనా, హోసే ఫెరర్ ఇయాగో. ముందు నిర్మాతలెవరూ ధైర్యం చెయ్యలేదు. 1942 వేసవిలో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఒక చిన్న హాల్లో వేసి జనం స్పందన చూశాకే కదిలారు. బ్రాడ్వేలో 296 ప్రదర్శనలు ఆడింది. షేక్‌స్పియర్ నాటకానికి అక్కడ అంతకుముందు అన్ని లేవు. తర్వాత దేశమంతా తిరిగారు. నల్లవాళ్ళను విడిగా కూర్చోబెట్టే హాళ్ళలో ఆడేది లేదన్నారు, ఆడలేదు. వేషం ఒక్కటే కాదు, ప్రేక్షకులు ఎలా కూర్చోవాలో కూడా నటుడి షరతు కిందికి వచ్చింది.

నటుడిగా ఆయన అంత గొప్పవాడు కాడు, గొంతే ఆయన్ని కాపాడింది అనే విమర్శకులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. శిక్షణ పొందిన నటుల చురుకుదనం ఆయనలో లేదని, నిలబడి పద్యం చెప్పినట్టు ఉండేదని వాళ్ళ మాట. 1930 ప్రదర్శన మీద ఆ విమర్శలో పస ఉండవచ్చు. కానీ ఈ తీర్పు చెప్పేవాళ్ళు ఇప్పుడు దేన్ని చూసి చెబుతున్నారు? బొసాంబోని, లూక్‌ని చూసి. ఆయన కాదన్న సినిమాలు డబ్బాల్లో భద్రంగా మిగిలాయి. మూడు వందల రాత్రులు ఆయన దిద్దుకుంటూ పోయిన ఒథెల్లోను ఎవరూ సినిమాగా తీయలేదు, గ్రామఫోన్ రికార్డుల్లో ధ్వని మాత్రం మిగిలింది. సాక్ష్యం ఇలా ఒకవైపే మిగిలినప్పుడు తీర్పు చెప్పేవాళ్ళు ఆచితూచి మాట్లాడాలి.

1949 నుంచి జరిగింది చాలామందికి తెలిసిందే: న్యూయార్కు రాష్ట్రంలోని పీక్‌స్కిల్‌లో ఆయన కచేరీ మీద దాడి, పాస్‌పోర్టు రద్దు, ఏటా లక్ష డాలర్లు దాటే ఆదాయం కొన్ని వేలకు పడిపోవడం. ఆయన రాజకీయాల్లో మచ్చ లేదని నేననను. 1949లో మాస్కోలో యూదు కవి ఇట్సిక్ ఫెఫర్ ప్రమాదంలో ఉన్నాడని తెలిసి, అక్కడి వేదిక మీద వార్సా యూదుల తిరుగుబాటు పాట పాడిన మనిషి, అమెరికా తిరిగొచ్చి సోవియట్ దేశంలో యూదుల మీద వేధింపులే లేవన్నట్టు మాట్లాడాడు. అది పెద్ద తప్పు, దాన్ని కప్పిపుచ్చకూడదు. అయినా 1942 నిర్ణయానికి దానితో సంబంధం లేదు. హాళ్ళ తలుపులు మూసుకున్నాక ఆయన ఏం చేశాడో అదే చెబుతుంది. 1952లో కెనడా సరిహద్దు దాటనివ్వకపోతే సరిహద్దు గీత దగ్గరే లారీ మీద నిలబడి ఇరువైపులా ఉన్న వేలమందికి పాడాడు. 1957లో అట్లాంటిక్ అడుగున వేసిన టెలిఫోన్ కేబుల్ ద్వారా లండన్ సభకూ, వేల్స్ గని కార్మికులకూ పాట వినిపించాడు. ఒథెల్లో చివరి మాటల్ని కచేరీల్లో చెబుతూ వచ్చాడు. స్టూడియో అక్కర్లేని కళ కాబట్టి అది సాధ్యమైంది. 1958లో సుప్రీం కోర్టు తీర్పుతో పాస్‌పోర్టు తిరిగొచ్చింది. అదే ఏడు ఆయన అరవయ్యో పుట్టినరోజును మన దేశంలోనూ జరిపారు. అమెరికా దౌత్యాధికారులు వద్దనిపించాలని చూసినా నెహ్రూ సందేశం ఇచ్చాడు. 1959లో షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో, అరవయ్యొకటో ఏట, మూడోసారి ఒథెల్లో వేశాడు. తర్వాత ఆరోగ్యం చెడింది. 1976 జనవరిలో ఫిలడెల్ఫియాలో చనిపోయాడు.

రోబ్సన్ నటన ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునే పాఠకులకు నాదొక మనవి. ‘శాండర్స్’తో మొదలుపెట్టకండి. ‘ప్రౌడ్ వ్యాలీ’ చూడండి, ‘సాంగ్ ఆఫ్ ఫ్రీడమ్’ చూడండి. ఆ తర్వాత హాగెన్, ఫెరర్లతో కలిసి ఆయన రికార్డు చేసిన ‘ఒథెల్లో’ను మొదటి నుంచి చివరిదాకా వినండి. మిగతా సినిమాలు ఆ తర్వాతే చూడండి.